డేగకన్ను

ప్లాస్టిక్ మగ్గుల ఫ్యాక్టరీలో ఆవిణ్ణి అందరూ డేగకన్ను అంటారు. బెల్టు మీద వచ్చే ప్రతి మగ్గునూ తిప్పి చూసి, బాగుంటే "పాస్" అంటుంది; వంక కనిపిస్తే ఎడమ పక్కనున్న బుట్టలోకి గిరాటేస్తుంది. ఇంటికొచ్చినా ఆ చేతులకు నిలకడ లేదు. మంచినీళ్ల గ్లాసైనా అంచు తడిమి గానీ తాగదు. అలాంటి మనిషికి ఫోన్‌లో చూసి చూసి, జపాన్‌లో చేత్తో అచ్చుల్లో పోసి, చేత్తోనే రంగులద్దే మెత్తటి వినైల్ బొమ్మల పిచ్చి పట్టుకుంది. ఏది కొనాలో తేలక కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, చివరికి ఊళ్ళోని బొమ్మల కొట్టు నుంచి ఒక బానపొట్ట రాక్షసుణ్ణి తెప్పించింది.

పెట్టె విప్పగానే చేతులు వాటి పని అవి మొదలుపెట్టాయి. చంకలో అతుకు చూశాయి, చెవి వెనక రంగు చూశాయి, పాదం తిప్పాయి. పాదం కింద ఆకుపచ్చ రంగులో ఎవరిదో బొటనవేలి ముద్ర! ఎడమచెయ్యి అలవాటుగా పక్కకి లేచింది. అక్కడ బుట్ట లేదు, చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఆరకముందే ముట్టుకున్నట్టున్నారు. నువ్వూరుకున్నా నేనూరుకోను," అంటూ మొగుడు అప్పటికప్పుడే కొట్టుకు ఫోన్ చేసి, మార్చమన్నాడు. ఆవిడ మాత్రం ఆ ముద్ర మీద తన వేలు ఆనించడం, తీయడం, మళ్ళీ ఆనించడం. ఇన్నేళ్ల మగ్గుల్లో ఒక్క మనిషి వేలూ కనిపించలేదు మరి. మర్నాడు కొట్టు మనిషి కొత్త బొమ్మ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "ఆ డ్యామేజీ బొమ్మ ఇలా ఇవ్వండమ్మా."

"డ్యామేజా?" ఆవిడ రాక్షసుణ్ణి చంకలో ఇరికించుకుంది. "నేను చూశాను కదా. పాస్."