ఎడమ ఇంజిను

మొన్న మా స్కూటరు సర్వీసుకిచ్చిన షాపులో మెకానిక్ కిరసనాయిల్లో ముంచిన దూదితో చేతులు తుడుచుకుంటున్నాడు. ఆ వాసన తగలగానే అతనితో చెప్పబోయిన మాట మరిచిపోయి అలాగే నిలబడిపోయాను. సామ్యేలు గారి చేతులు ఎప్పుడూ అదే వాసన వేసేవి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన గురించి ఎవరికైనా చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

నాది పొదిలి. ఎనభై నాలుగులో టైపు పాసై, చిలకలూరిపేట దగ్గర ఒక జిన్నింగ్ మిల్లులో గుమాస్తాగా చేరాను. పత్తి నుంచి గింజ తీసే ఆ యంత్రాలన్నిటికీ ఫోర్‌మన్ సామ్యేలు గారు. అంతకుముందు వైమానిక దళంలో ఇంజిను ఫిట్టరు. రోజూ పొద్దున్నే ఆయన యంత్రాలు తనిఖీ చేసి చెబితే నేను రిజిస్టరులో ఎక్కించాలి. చేరిన వారంలోనే ‘చూసినవారు’ అన్న చోట నా సంతకం పెట్టేశాను. ఆయన నన్ను లోపలికి తీసుకెళ్ళి, నూగు ఎగురుతున్న యంత్రం ముందు నిలబెట్టారు.

“దీన్ని నువ్వు చూశావా అమ్మా?”

“లేదండీ. మీరు చెప్పారుగా.”

“నేను చెప్పానని రాయి. చూశానని రాయకు.”

కోపంగా అనలేదు, బతిమాలుతున్నట్టు అన్నారు. ఒక రిజిస్టరు కోసం అంత పెద్దమనిషి నన్నెందుకు బతిమాలాలో అర్థం కాలేదు.

ఏడాది గడిచాక ఒక మధ్యాహ్నం, అన్నాలు తిన్న తర్వాత, వైమానిక దళం ఆఫీసుకు ఇంగ్లీషులో ఒక ఉత్తరం టైపు చేసిపెట్టమని అడిగారు. అప్పుడు చెప్పారు. డెబ్బై ఒకటి యుద్ధంలో ఆయన తూర్పున ఒక విమానాశ్రయంలో పనిచేశారట. ముందున్న సైనికులకు సరుకులు జారవిడవడానికి ఒక రవాణా విమానం బయలుదేరింది. ఆ పొద్దున దాని ఎడమ ఇంజినుకు కొత్త ఆయిలు పైపు బిగించి, ఎగరవచ్చని సంతకం పెట్టింది ఈయనే. విమానం తిరిగి రాలేదు. శత్రువుల కాల్పులకు కూలిపోయిందని పైనుంచి కాగితం వచ్చింది. అందులో ఐదుగురు ఉన్నారు.

“శత్రువులు కాల్చారని వాళ్ళే రాశారు కదండీ. ఇంకా ఏం తెలుసుకోవాలి?” అన్నాను.

“కాల్చారు, నిజమే. దెబ్బ కుడి ఇంజినుకు తగిలిందని తర్వాత విన్నాను. ఆ విమానం ఒక్క ఇంజిను మీద ఇల్లు చేరగలదమ్మా. మరి ఎడమది ఎందుకు ఆగింది? అసలు ఆగిందా, లేదా?”

ఆయనకు ఊరట కావాలో శిక్ష కావాలో నాకు తేలలేదు. ఉత్తరం టైపు చేశాను. తర్వాత ఇంకో నాలుగు చేశాను. చివరికి ఆఫీసు నుంచి కాక ఒక మనిషి నుంచి జవాబు వచ్చింది. ఆ రోజు వెనకే వెళ్ళిన విమానంలో ఉన్న అధికారి ఆయన. రిటైరయ్యారు. బెజవాడ వచ్చే పని ఉంది, కలుస్తానని రాశారు.

మిరప కోతల రోజులు. దారి పొడుగునా కల్లాల్లో ఎండుతున్న కాయల ఘాటుకు తుమ్ముతూ ఆ అధికారి మిల్లు దగ్గర బస్సు దిగారు. ఇద్దరూ హిందీలో మాట్లాడుకున్నారు. హిందీ పరీక్షలు రాసిన దాన్ని కాబట్టి నాకూ తెలిసింది. కుడి ఇంజినులోంచి పొగ వచ్చిందట. విమానం వెనక్కి తిరిగి కాసేపు బాగానే ఎగిరి మబ్బులోకి వెళ్ళిందట. మళ్ళీ కనబడలేదు.

ఎంతసేపు ఎగిరిందని సామ్యేలు గారు అడిగారు. నాలుగు నిమిషాలో, పదో అన్నారాయన. సామ్యేలు గారి ముఖం చూసి, “పదే అనుకోండి” అన్నారు. పది నిమిషాలైతే ఎడమ ఇంజినుకు బిగించిన పైపు నిలబడినట్టు. నాలుగైతే ఏమీ చెప్పలేం.

ఆ అధికారి వెళ్ళాక, విన్నదంతా కాగితం మీద పెట్టమన్నారు సామ్యేలు గారు. నేను పది అని కొట్టాను. చదివి, కాగితం నా చేతికే ఇచ్చి, నాలుగో పదో అని మార్చమన్నారు. మార్చాను. నాకు ఏడుపొచ్చింది. ఆయనకు రాలేదు.

పోయిన వాళ్ళలో వైర్‌లెస్ చూసే యువకుడికి ఈయనంటే ఇష్టమట, ఇంటికి రాసే ఉత్తరాల్లో ఈయన గురించి చెప్పేవాడట. ఆ చనువుతో, తమ్ముడికి ఏమైందో చెప్పమని అతని అక్క పంజాబు నుంచి అప్పట్లో ఉత్తరం రాసింది. పద్నాలుగేళ్ళుగా ఈయన జవాబివ్వలేదు. ఇప్పుడిచ్చారు. పైపు సంగతి, నాలుగో పదో అన్న సంగతి, ఆయన చెబుతుంటే నేను హిందీలో రాశాను. పోస్టు చేశాక నెలరోజులు ఆయన ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

ఆమె జవాబు ఒకే పేజీ. అందులో ఇంజిను మాటే లేదు. మిమ్మల్ని దేవుడు చల్లగా చూడాలని రాసి, ఒక్కటి అడిగింది: ఆ పొద్దున మా వాడు ఏమైనా తిని వెళ్ళాడా?

చదివి వినిపించాను. సామ్యేలు గారు ఆ పేజీ నా చేతిలోంచి తీసుకున్నారు. “ఆ పైపుకి ఎన్ని మరలు బిగించానో చెప్పగలను. అతను ఎదురుగా వచ్చాడో లేదో కూడా...” అని ఆగిపోయారు.

మర్నాడు పొద్దున్నే నా బల్ల దగ్గరికి వచ్చారు.

“రాయమ్మా. రెండు పూరీలు తిన్నాడు. టీ తాగాడు. నా పక్కనే కూర్చుని తిన్నాడు.”

కలం పట్టుకుని ఆయన వంక చూశాను. ఆయన వాకిట్లో ఆగిన పత్తి బండ్ల వైపు చూస్తున్నారు. రాశాను. ఆయన సంతకం పెట్టారు. ఆ తర్వాత వైమానిక దళానికి ఇంకో ఉత్తరం రాయమని అడగలేదు.

రాత్రికి రాత్రి ఆయనకు నిజంగానే గుర్తొచ్చిందా? లేక ఆ అక్క కోసం కల్పించారా? మరో నాలుగేళ్ళు ఆయన దగ్గర పనిచేశాను. అడగాలని చాలాసార్లు అనుకుని, ఆయన ముఖం చూసి మానుకున్నాను. ఇప్పుడు ఎవరైనా పోయిన ఇంటికి పలకరింపుకు వెళ్ళినప్పుడు, ఆఖరిసారి ఎలా ఉన్నాడు, ఏమన్నాడు అని వాళ్ళు నన్ను అడుగుతారు. తెలిసింది చెప్పాలో, వాళ్ళు వినాలనుకున్నది చెప్పాలో నాకు తేలదు. ఏదో ఒకటి చెబుతాను. ఇంటికొచ్చాక, నేను చెప్పింది నిజమేనా అని నన్ను నేను అడుగుతూనే ఉంటాను.