సరోజన టీచరూ, తిట్లు తినే తూకం మిషినూ

మా సరోజన టీచరుకు కోపం వస్తే తూకం మిషిన్‌ను తిడుతుంది. కథలాపూర్ అంగన్‌వాడీలో ఆయాగా ఆరేళ్లు ఆమె పక్కనే ఉండి చెబుతున్నాను. నెలకోసారి దాన్ని దూలానికి వేలాడదీయడం ఆలస్యం, కొట్లాట మొదలు.

"నెలంత మూలకు పంటవు. ఒక్కనాడు సక్కగ చెప్పనీకి నీకేం రోగమే?"

మిషిన్‌కు గుండ్రటి ముఖం మీద ఒక్క ముల్లు, గాలికి గడ్డిపరకలా వణుకుతుంది.

సూపర్‌వైజర్ మేడం విని, "కొత్తది పంపాల్నా?" అంది.

"వద్దు మేడం, గిది మాట పడుతది."

పోయిన వానకాలం దీవెన తన పద్నాలుగు నెలల బిడ్డ రచనను తెచ్చింది. వెనకే అత్త ఎల్లవ్వ. గుడ్డసంచిలో వేలాడుతూ పిల్ల కాళ్లతో గాలిని ఈదింది. ముల్లు పోయిన నెల కంటే మూడు వందల గ్రాములు తక్కువ దగ్గర ఆగింది. దీవెన తల వంచుకుంది. ఎల్లవ్వ కొంగు బిగించింది.

"పొద్దంత బీడీలు చుట్టుకుంట శాట ముందర్నే కూసుంటది. పిల్లకు తిండి పెట్టాలన్న..."

పిల్ల తగ్గితే ముందు తల్లినే నిలదీయడం మా దగ్గర ఆనవాయితీ. టీచర్ ముక్కుపుటాలు అదిరాయి. మిషిన్ మీద విరుచుకుపడింది.

"కండ్లు లేనిదానా, ఎల్లవ్వ మనుమరాలినే తక్కువ జేస్తవా? ఎల్లవ్వా, నువ్వు పోయి గుడ్డు ఉడకబెట్టు. దీని సంగతి నేను జూస్త."

"గదే, నా మనుమరాలు తగ్గుడేంది," అని మిషిన్‌ను కొరకొర చూసి ఎల్లవ్వ వెళ్లిపోయింది.

అప్పుడు టీచర్ గొంతు దూదిలా మెత్తబడింది. "ఏమైంది బిడ్డా?"

"పది దినాలు విరేచనాలు టీచరమ్మా. పండ్లొస్తున్నయ్, గట్లనే ఉంటదన్నది మా అత్త."

ఆ పూటే టీచరూ దీవెనా పిల్లను నర్సమ్మ దగ్గరికి తీసుకుపోయారు. విరేచనాలు తగ్గాక టీచర్ రోజూ వాళ్లింటికి వెళ్లి, చెంచా ఎల్లవ్వ చేతికే ఇచ్చేది. "నీ చెయ్యి తాకితేనే తింటది పోరి."

మరుసటి నెల ముల్లు ఐదు వందల గ్రాములు ముందుకు దూకింది.

"ఇయ్యాల బుద్ధొచ్చింది దీనికి," అంది ఎల్లవ్వ మిషిన్‌తో.

అందరూ వెళ్లాక అడిగాను. "నిజంగ ఖరాబైందా టీచరమ్మా?"

ఆమె కిలో కందిపప్పు ప్యాకెట్ తగిలించింది. ముల్లు సరిగ్గా ఒకటి మీద నిలబడింది.

"పొద్దుగాల్నే పరీక్ష జేస్త. ఎన్నడు తప్పలే."

"మరి గన్ని తిట్లెందుకు?"

కొంగుతో దాని ముఖం తుడుస్తూ అంది: "ఎవలో ఒకలు పడాలె గద. దీనికైతే ఇంటికాడ అత్త లేదు."