డ్రిల్ సారు కొలిచిన మైదానం

మా డ్రిల్ సారు పోయారు. మొన్న మక్తల్ సంతకు గొర్రెలు తోలుకుపోతే ఎవరో మాటల మధ్య చెప్పారు. అప్పటికే పదకొండో రోజు కూడా దాటిందట. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి. కబురు పంపడానికి మాత్రం ఎవరున్నారు?

రోమ్ ఒలింపిక్స్ జరిగిన ఏడు మక్తల్ బడిలో నేను ఆయన దగ్గర పదో తరగతి. బస్టాండు హోటల్లో రేడియో ఉండేది. సారు ఒక్క చాయ్ తెప్పించుకుని, వార్తలు అయిపోయేదాకా దాన్నే పట్టుకుని కూర్చునేవారు. హోటలాయన పాటలు పెట్టబోతే "జర ఆగు, పరుగు ముచ్చట చెప్తాండు" అని చెయ్యి అడ్డం పెట్టేవారు. ఆఫ్రికా మనిషి ఒకడు ఉత్త కాళ్లతో ఇరవై ఆరు మైళ్లు ఉరికి గెలిచాడని విన్న రోజు నా భుజం పట్టి ఊపేశారు. "చూసినవా బిడ్డా, చెప్పుల్లేని కాళ్లను దునియా అంతా చూసింది!" నా కాళ్లకూ చెప్పుల్లేవు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మైదానం ఆయనే కొలిచేవారు. బడిలో టేపు లేదు. ఒక రైతు బావి నీళ్లు తోడడానికి కొత్తగా పేనించుకున్న మోట మోకుకు, ఒకసారి ఎవరినో అడిగి తెచ్చిన టేపుతో కొలిచి ముడులు వేశారు. ఏటా ఆటలప్పుడు ఆ మోకునే అడిగి తెచ్చి, ముడుల లెక్కన నాలుగు వందల మీటర్ల చుట్టు గీసి సున్నం పోసేవారు. "గీడ ఒక్కనివే ఉరికినా, దునియా అంతా నీ పక్కన ఉరుకుతాంది అనుకో" అనేవారు. రొప్పుతూ వచ్చి టైమెంత సారూ అంటే వెంటనే చెప్పేవారు కాదు.

"మొదలు నీళ్లు తాగు బిడ్డా. టైము యాడికి పోదు."

చెంబు చేతిలో పెట్టాకే గడియారం చూపేవారు.

హైదరాబాదు పోటీలకు పంపాలంటే ఆ చుట్టు ఇంతలో ముగించాలని ఒక లెక్క ఉండేది. నాకు ప్రతిసారీ రెండు సెకన్లు ఎక్కువే. "లేని టైము ఉన్నదని ఎట్ల రాయాలె?" అన్నారు ముఖం చిన్నబుచ్చుకుని. నాకు రోషం వచ్చింది. పరుగు మానేసి బాపు వెంట గొర్రెలకు పోయాను.

మూడేళ్లకు ఒక మిట్టమధ్యాహ్నం సారు మా ఊరికి నడిచి వచ్చారు. బడి గోడ కట్టేవాళ్లు ఇనుప గొలుసుతో మైదానం కొలిస్తే, చుట్టు ఇరవై మీటర్లు ఎక్కువ తేలిందట. ఏళ్ల తరబడి బావిలో నీళ్లు తోడి మోకు సాగింది. ముడుల మధ్య దూరమూ పెరిగింది.

"తప్పు నా మోకుది బిడ్డా, నీ కాళ్లది కాదు. నీకు చెప్పకుంట పానం ఊకుంటలేదు."

"పోనీ తియ్యి సారూ" అన్నాను. మాట మెత్తగానే ఉంది, గొంతు మాత్రం కాదు. అంత ఎండలో వచ్చిన మనిషిని కూర్చోమనలేదు, గుక్కెడు నీళ్లు ఇవ్వలేదు. గొర్రెలు చెదిరాయని సాకు చెప్పి వెళ్లిపోయాను. ఆ తరువాత నేను ఆయన గడప తొక్కలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నా జీవితంలో నేను ఓడిపోయింది ఆ రోజే.

సంత నుంచి నేరుగా బడికి నడిచాను. సెలవు, ఎవరూ లేరు. మళ్లీ కొలత తప్పకూడదని సారు చుట్టు పొడవునా రాళ్లు పాతించారు. చెప్పులు విడిచి, పంచె ఎగగట్టి, ఒక చుట్టు ఉరికాను. చివరి రాయి దాటాక వంగి రొప్పుతూ, అలవాటు కొద్దీ నీళ్ల చెంబు కోసం పక్కకు చెయ్యి చాచాను. ఎండలో ఆ చెయ్యి చాలాసేపు అట్లాగే ఉండిపోయింది.