మిర్చి ఇంట్లో నా జలుబు

నా చిన్నప్పుడు నాకు ఒకసారి నిజంగానే జలుబు చేసింది. ఇంత చిన్న మాటను మా ఇంట్లో ఇన్నేళ్లుగా ఎవరూ చెవిన పెట్టలేదు. మొన్న హన్మకొండలో మా అన్న మనవరాలి తొట్టెల పండుగలో కూడా అదే జరిగింది. ఫంక్షన్ హాలు నిండా చుట్టాలు. మా అన్న పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకొని, నేను పని తప్పించుకోవడానికి జలుబు నటించిన కథ చెప్పి అందరినీ నవ్వించాడు. "ఆగు, తర్వాత ఏమైందో కూడా చెప్పు" అని నేను అనేలోగా ఎవరో భోజనాలకు పిలిచారు. అందరూ లేచిపోయారు. నేను ఒక్కడినే ఖాళీ కుర్చీల మధ్య మిగిలాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. రాసేవాడిని మధ్యలో ఆపి పప్పన్నానికి పిలవరు కదా.

వరంగల్‌లో మాది మిర్చి వ్యాపారం చేసే ఇల్లు. ముందు గదిలో దుకాణం, వెనక గదుల్లో మేము, మధ్య వసారాలో బస్తాలు. కొత్త కాయ వచ్చే రోజుల్లో బడి లేని పూట ఇంటిల్లిపాదీ ఆ వసారాలో గంపల చుట్టూ కూర్చొని తొడిమలు తీసేవాళ్లం. తొడిమ ఊడిన చోటల్లా గింజలు రాలి ఘాటు లేచేది. ఒకరు తుమ్మితే పక్కవారు అందుకునేవారు. కళ్లు కారేవి, ముక్కులు కారేవి, ఆ కారడంలోనే కబుర్లు సాగేవి. పక్కింట్లో పిల్లవాడు తుమ్మితే వాళ్ల అమ్మ పరుగున వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి చూసేది. మా ఇంట్లో ఎవరైనా తుమ్మితే గంపను కాస్త అటు జరుపుకొమ్మనేవారు. అంతకు మించిన మర్యాద మా తుమ్ములకు ఎప్పుడూ దక్కలేదు.

అలాంటి ఇంట్లో నాకు జలుబు చేసింది. పొద్దున లేచేసరికి తల దిమ్ముగా ఉంది, ఒళ్లు విరిచేస్తోంది, గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టుంది. గంప ముందు కూర్చోలేనని అమ్మకు చెప్పాను. అమ్మ తల కూడా ఎత్తలేదు. తన ముక్కూ కారుతూనే ఉంది మరి. మా అన్న మాత్రం ఊరుకోలేదు.

"మిర్చి కాడ కూసుంటే ఎవని ముక్కు కారదురా? నీ ఒక్కనిదే బంగారు ముక్కా?"

"నిజంగనే సర్ది అయిందే అమ్మా" అన్నాను.

"నాటకాలు బంజేసి గంప ముందటికి జరుపుకో. పొద్దువోతాంది" అంది అమ్మ.

వసారా అంతా నవ్వింది. నాకు ఏడుపు వచ్చింది. అయితే ఆ ఏడుపును కూడా ఎవరూ నమ్మరని అప్పుడే అర్థమైంది. మిరపకాయల ముందు కూర్చున్నవాడి కన్నీళ్లను ఎవరు లెక్కచేస్తారు? ఒంట్లో బాగాలేకపోవడం కంటే, బాగాలేదని చూపించుకునే దారి ఒక్కటీ లేకపోవడం నన్ను ఎక్కువ బాధపెట్టింది.

గడప దగ్గర కూర్చున్న మా నాయనమ్మ ఇదంతా చూసింది. మెల్లగా లేచి వంటింట్లోకి వెళ్లి, పిడికిలి బిగించుకొని తిరిగివచ్చింది.

"జర ఆగుండ్రి. ఇటు రా బిడ్డా. కండ్లు మూసుకో. నా చేతుల ఏమున్నదో జెప్పు."

కళ్లు మూసుకున్నాను. ఆమె చెయ్యి నా మూతికి తగిలేంత దగ్గరకు వచ్చింది. నేను బలంగా పీల్చాను. ఏమీ తెలియలేదు.

"ఏం లేదు నాయనమ్మా. ఉత్త చెయ్యే."

ఎవరైనా నవ్వుతారని అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. కళ్లు తెరిచి చూస్తే ఆమె అరచేతిలో ఇంగువ ముద్ద ఉంది. డబ్బా మూత తీస్తే మూడో గదిలో ఉన్నవాళ్లకు కూడా తెలిసే పచ్చి ఇంగువ! అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. మా అన్న రెండు వేళ్లతో ముక్కు గట్టిగా మూసుకొని ఉన్నాడు.

నాయనమ్మ అతని వైపు తిరిగి, "నాటకమాడేటోడు ముఖమన్నా చిట్లించకపోవునారా? నీ ముక్కు సూడు, నీ చేతులనే ఉన్నది" అంది.

ఆ క్షణం నాకు ఈరోజుకీ వింతగానే ఉంటుంది. నా తుమ్ములు, నా కన్నీళ్లు, నా మాట, ఏవీ ఆ ఇంట్లో సాక్ష్యానికి పనికిరాలేదు. ఆమె వాటి జోలికే పోలేదు. నాలో ఏం జరుగుతోందో కాక, ఏం జరగడం లేదో వెతికింది. నేను ముఖం చిట్లించకపోవడమే నా తరఫున సాక్ష్యం చెప్పింది.

తర్వాత ఆమె మా ఊరి పాత కోట చుట్టూ ఉన్న మట్టికట్ట వైపు వెళ్లి వావిలాకు తెంపుకొచ్చింది. దాన్ని పసుపు వేసిన నీళ్లలో మరిగించి, గిన్నె నా మీద ఒలకకుండా తన ముందు పెట్టుకుంది. నన్ను ఒక్కడినే దుప్పటి కింద కూర్చోబెడుతుందని అనుకున్నాను. తను కూడా లోపలికి వచ్చి నాకు ఎదురుగా కూర్చుంది. బయట కథలు, గంపలు, తుమ్ములు. లోపల తడి చీకటి, ఆవిరి వెనక ఆమె ముఖం.

"ఏ వాసనొస్తే అది జెప్పు" అంది.

చాలాసేపు ఏమీ రాలేదు. చెమట మెడ మీదుగా కారింది. ఉన్నట్టుండి లోపల ఎక్కడో ఒక తలుపు జరిగినట్టయింది. ముందు పసుపు తెలిసింది. తర్వాత వావిలి చేదు. తర్వాత దుప్పటి పాత నూలు వాసన, ఆమె తలకు రాసుకున్న ఆముదం, ఆమె వేళ్లలో మిగిలిన ఇంగువ. ఒక్కొక్కటీ చెబుతుంటే ఆమె ఒక్కోదానికీ తల ఊపింది. చివరికి దుప్పటి దాటి, వసారా దాటి మిర్చి వాసన వచ్చింది. పుట్టినప్పటి నుంచి అందులోనే ఉండి నేనెప్పుడూ పట్టించుకోని వాసన అది. ఇల్లు తనంతట తాను నడిచి నా దగ్గరకు వచ్చినట్టనిపించింది. తర్వాత దుప్పటి ఎగిరిపడేలా తుమ్మాను.

"ఎంత మంచి దవా నాయనమ్మా!" అన్నాను.

"దవా ఏం జేయదు బిడ్డా. జర తొవ్వ జేస్తది. మిగిలింది నీ పెయ్యే జేసుకుంటది" అంది, నా ఒంటి చెమట తుడుస్తూ.

సొంటి, మిరియాలు, బెల్లం వేసిన కషాయం తాగించింది. ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లు పుక్కిలించమంది. నా గ్లాసు, నా తువ్వాల వేరుగా పెట్టింది. మిర్చి ముట్టిన చేతులు కడుక్కోకుండా పిల్లల ముఖాలు తాకవద్దని అందరినీ కసిరింది. సాయంత్రానికి జ్వరం తగిలింది; అది రేపటికీ దిగకపోతే నన్ను దవాఖానకు తీసుకుపొమ్మని, మేం బాపు అని పిలిచే నాన్నకు ముందే చెప్పి ఉంచింది. మర్నాటికి జ్వరం దిగింది. బంగారు ముక్కు అన్న పేరు మాత్రం దిగలేదు. ఆ మధ్య నా షష్టిపూర్తిలో మైకులో కూడా మా అన్న నన్ను అలాగే పిలిచాడు.

నేను ఆ రోజు నుంచి మోసుకొస్తున్నది ఒక్కటే. ఎవరైనా బాగాలేదంటే ముందు నమ్ముతాను. బడికి వెళ్లే వేళకు మనవడు కడుపునొప్పి అన్నా నమ్ముతాను. అందుకు ఇంట్లో నాతో గొడవపడతారు. పడనీ. వందసార్లు మోసపోయినా సరే, ఒక్క పిల్లవాడికి కూడా తన జబ్బుకు తానే సాక్ష్యం వెతుక్కునే గతి పట్టకూడదు.

అన్నా, నువ్వు ఇది చదువుతావని నాకు తెలుసు. కరోనా రోజుల్లో నువ్వు ఫోన్ చేసి, "అరేయ్, చాయ్ వాసన వస్తలేదురా" అన్నావు. నేను నవ్వలేదు. ఇంగువ పెట్టి పరీక్ష చేయలేదు. వెంటనే డాక్టరుతో మాట్లాడాను, మందులు తెచ్చాను, కషాయం ఫ్లాస్కులో పోసి నీ గడప మీద పెట్టి దూరంగా నిలబడ్డాను. వాసన తిరిగి వచ్చిన రోజు నువ్వు ఫోన్‌లో ఏడ్చావు. దుప్పటి కింద నేను చూసింది అదేనని నీకు అప్పుడు తెలిసే ఉంటుంది. అయినా మొన్న పిల్లలకు కథ సగమే చెప్పావు.

నాయనమ్మ లేదు, అమ్మ లేదు, బాపు లేడు. ఆ వసారాలో ముక్కు మూసుకున్నవాళ్లలో నువ్వొక్కడివే మిగిలావు. నాకు క్షమాపణ అక్కర్లేదు. ఫోన్ చెయ్యి, లేదా ఆ పిల్లలందరినీ మళ్లీ కూర్చోబెట్టి వాళ్ల ముందే చెప్పు. ఆ రోజు నాకు సర్ది అయిందా, లేదా?