రెండు గుండ్ల నడుమ వెలుతురు

బయట ఫొటో తీయడానికి చోటు ఎలా ఎంచుకోవాలని ఎవరడిగినా ఓపిగ్గా చెబుతాను. జనగామ చుట్టుపక్కల ఏ గోడ పొద్దున పనికొస్తుందో, ఏ గట్టు సాయంత్రం బాగుంటుందో చెబుతాను. ఒక్క చోటు సంగతి మాత్రం ఇన్నేళ్ళూ దాటవేశాను. నేను ఎంచుకున్నవాటిలో అదే అన్నిటికన్నా మంచి చోటు. అక్కడ ఒక మనిషి చనిపోయాడు. అందుకు కారణం నేను. నింద ఇంకొకరి మీద పడితే చూస్తూ ఊరుకున్నాను.

అది నిజాం మీద పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది. నాకు ఇరవై రెండేళ్ళు. జనగామ బజారులో ఒక గది అద్దెకు తీసుకుని స్టూడియో పెట్టాను. గదికి కరెంటు లేదు, సరైన కిటికీ కూడా లేదు. రైలు స్టేషన్ దగ్గర ఒక పాత స్టూడియో ఉండేది. దాని యజమాని పెద్దాయన, తోటలూ మేడమెట్లూ గీసిన తెర ముందు జనాన్ని నిలబెట్టి ఫొటో తీసేవాడు. అలాంటి తెర కొనే స్తోమత నాకు లేదు. అందుకే కెమెరా, మూడు కాళ్ళ స్టాండు, నల్లగుడ్డ సైకిలుకు కట్టుకుని మనుషులను బయటకు తీసుకుపోవడం మొదలుపెట్టాను. గతిలేక మొదలుపెట్టిన పనినే తర్వాత నా గొప్పగా చెప్పుకున్నాను.

నేరుగా ఎండ పడితే మనిషి కళ్ళు చికిలిస్తాడు, కళ్ళ కింద నల్లటి గుంటలు పడతాయి. మాకు కావలసింది ఓపెన్ షేడ్. అంటే ఎండ తగలని, కానీ ఎదురుగా ఆకాశం కనబడే నీడ. బియ్యం మిల్లు ఉత్తరపు గోడ దగ్గర అది దొరికేది గానీ, బండ్లవాళ్ళంతా చుట్టూ మూగి నవ్వేవారు. చిన్న ఊళ్ళో వెలుతురు దొరకడం కష్టం కాదు, ఎవరూ చూడని చోటు దొరకడమే కష్టం. పది మంది చూస్తుంటే రైతు మొహం కర్రలా బిగుసుకుపోతుంది.

అలా వెతుకుతూ నర్మెట్ట దారిలో ఒక ఊరి వెనక గుట్టకు చేరాను. ఊరి పేరు రాయను. రెండు పెద్ద గుండ్లు, నడుమ ఇద్దరు మనుషులు పట్టేంత సందు. పైన ఆకాశం సన్నటి పట్టీలా కనబడేది. ఆ వెలుతురులో ముసలివాళ్ళ ముడతలు కూడా మెత్తబడేవి. ఆ గుట్ట మీద గొర్లు మేపే బీరయ్య తప్ప అటు ఎవరూ వచ్చేవారు కాదు. సొంత మంద కాదు, ఊరివాళ్ళ గొర్లను కూలికి మేపేవాడు. నేను కెమెరా సర్దుకుంటుంటే కర్ర మీద గడ్డం ఆనించి చూసేవాడు. "రాయి కాడికొచ్చి పెట్టె మూతి తెరుసుడేంది పటేలా, రాయేమన్న పారిపోతదా" అని నవ్వేవాడు.

ఒక అంగడి రోజున తలకు తువ్వాలు చుట్టుకున్న మనిషి స్టూడియోకు వచ్చాడు. పేరు నర్సయ్య. ఆ గుట్ట కింది ఊరివాడే. కమ్యూనిస్టు దళంలో తిరుగుతున్నాడని బజారులో అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

"నువ్వు బయట గూడ ఫొటోలు దింపుతవట గదా. గీ బజార్ల నేను దిగ."

"ఎవలకోసమన్నా?"

"మా అవ్వకు. నా మొకం మర్సిపోతదేమో అని. పోలీసోళ్ళకైతే మంచిగనే యాదున్నది."

మర్నాడు పొద్దున గుండ్ల దగ్గర కలిశాం. ఆ రోజుల్లో ప్లేట్లు నెమ్మదివి, ఫొటో పడేదాకా మనిషి ఊపిరి బిగబట్టి ఉండాలి. నవ్వితే కదులుతుందని చెప్పాను. "నవ్వకుంటె మా అవ్వ నన్ను గుర్తువట్టది" అన్నాడు. చివరికి పెదవులు కదపకుండా కళ్ళతోనే నవ్వాడు. నేను అప్పటిదాకా తీసినవాటిలో అంత మంచి పోర్ట్రెయిట్ లేదు.

సామాను సర్దుతుంటే ఆయన సందులోకి పోయి కూర్చుని చూశాడు.

"గీ జాగ ఎవలెవలకు ఎర్కనే?"

"నాకెర్క, గొర్ల బీరన్నకెర్క. ఫొటో దిగెటోళ్ళు ఒక్కపారి వచ్చిపోతరు, గంతే."

"గీడ పంటే బయటికి కానరాదు" అన్నాడు. పడుకుని దాక్కోవడానికి ఆ చోటు పనికొస్తుందని చూస్తున్నాడు. ఆ మాట నేను స్పష్టంగా విన్నాను. అది ఇక్కడ రాయడం అవసరం.

ఫొటో వెనక స్టూడియో ముద్ర వేయొద్దన్నాడు, వేయలేదు. కొన్ని నెలల తర్వాత ఆయన ఇంట్లో సోదా జరిగి ఆ ఫొటో పోలీసు క్యాంపుకు చేరింది. కోస్తా నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు ఒకాయన నాకు కబురు పంపాడు. భయపడుతూనే పోయాను. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు.

"ఇది ఎవరు తీశారని నేను అడగడం లేదోయ్. స్టేషన్ దగ్గర పెద్దాయన చూసి, ఇది తెర అన్నాడు. బెజవాడలో తీయించుకుని ఉంటాడట. ఆ రాళ్ళు ఎంత బాగా గీశారో చూడు. మీ వైపు ఇంత పనితనం ఎక్కడుందిలే."

నేను ఊరుకుంటే అయిపోయేది. "అవును సార్, తెరే" అన్నా అయిపోయేది. ఆ పెద్దాయన నిజంగా పొరబడ్డాడో, తెలిసే నర్సయ్యను కాపాడబోయాడో ఇప్పటికీ నాకు తెలియదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

"తెర కాదు సార్, అసలు రాయే" అన్నాను. భూతద్దం అడిగి తీసుకున్నాను. క్యాచ్‌లైట్ అంటే ఏమిటో వివరించాను. మనిషి కళ్ళలో కనబడే చిన్న తెల్లటి మెరుపు అది, వెలుతురు వచ్చే సందు ఎలా ఉంటే ఆ ఆకారంలో పడుతుంది. స్టూడియోలో తీస్తే కిటికీలా చదరంగా ఉంటుంది. "ఇది చూడండి, సన్నగా, పొడుగ్గా ఉంది. రెండు గుండ్ల నడుమ ఆకాశం సార్ ఇది. ఉత్తరపు దిక్కు నుంచి, పొద్దున పూట."

"భలేవాడివే" అన్నాడాయన. "అలాంటి చోటు ఈ చుట్టుపక్కల ఉందా ఏమిటి?"

"నర్మెట్ట దారిల ఉన్నది సార్" అన్నాను. చాయ్ ఇంకా వేడిగానే ఉంది.

సైకిలు తొక్కుకుంటూ వస్తుంటే గానీ ఏం చేశానో తలకెక్కలేదు. అప్పుడైనా గుట్ట దాకా పోయి బీరయ్య చెవిన ఒక మాట వేసి ఉండవచ్చు. ఫొటో తీసి నెలలయింది, ఆయన ఇంకా అక్కడెందుకు ఉంటాడని నాకు నేనే చెప్పుకున్నాను. ఇంటికి పోయి అన్నం తిన్నాను.

ఆ వారంలోనే జీపు వచ్చి స్టూడియో ముందు ఆగింది. కెమెరా తీసుకుని రమ్మన్నారు. నర్సయ్యను గుండ్ల దగ్గర కాల్చారు. గుర్తింపు కోసం శవం ఫొటో కావాలన్నారు. ఎండలో పడుకోబెట్టి ఉన్నాడు. నేను నల్లగుడ్డలో తల పెట్టి చూసి, అలవాటు కొద్దీ, "జర నీడకు జరపండి" అన్నాను. ఇద్దరు కానిస్టేబుళ్ళు ఆయనను ఈడ్చి ఆ సందు ముందు పెట్టారు. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఎవరూ అడగలేదు.

ఊరు బీరయ్యను అనుమానించింది. ఆ గుట్ట మీద రోజూ తిరిగేవాడు అతనే. పైగా కాల్పులకు ముందు క్యాంపువాళ్ళు అతణ్ణి కూడా పిలిచి, ఏమీ చెప్పకపోతే సాయంత్రానికి వదిలేశారు. దెబ్బలు లేకుండా తిరిగి రావడమే అతని నేరమైంది. ఎవరూ గొర్లు అప్పగించలేదు. నర్సయ్య తల్లి బీరయ్య వాకిట్లో నిలబడి మన్ను చల్లిందట.

బీరయ్య భార్య లచ్చవ్వ జనగామకు నడిచి వచ్చి నా గడప దగ్గర కూర్చుంది.

"అయ్యా, నువ్వు గా గుండ్ల కాడికి మస్తుమందిని తోల్కవోయినవు. మా ఊరొచ్చి గా ఒక్కమాట చెప్పరాదు. గా జాగ మా ఆయనకొక్కనికే కాదు, ఇంకొకలకు గూడ ఎర్కని చెప్పు. గంతే సాలు."

"నాకేం తెల్వదవ్వా" అన్నాను.

"నిన్ను పేరు వెట్టుమంటలేను అయ్యా."

"నాకేం తెల్వది. నన్ను గిందులకు లాగకు."

ఆమె లేచి కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. కొద్ది రోజులకు వాళ్ళు ఊరు విడిచి భూపాలపల్లి అడవుల వైపు పోయారని విన్నాను. స్టూడియోకు వచ్చినవాళ్ళు "గా లంగ బీరిగాడు పోయిండు" అంటే, నేను గడ్డం కాస్త పైకెత్తమని చెప్పి ఫొటో తీశాను.

ఆ తర్వాత ఎవరి ఫొటో ఎక్కడ తీశానో మూడో మనిషికి చెప్పలేదు. అది నా వృత్తి నియమమని నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకు చెప్పేవాణ్ణి. అది నియమం కాదు, భయం. నిజానికి నేర్చుకోవలసింది వేరే ఉంది. చోటు ఎంచుకునేవాడు వెలుతురు ఒక్కటే చూస్తే చాలదు, ఆ చోటును నమ్ముకుని ఎవరు బతుకుతున్నారో చూడాలి. మన పనితనాన్ని ఎవరైనా తక్కువ చేస్తే, నోరు తెరిచే ముందు ఎదుటివాడు ఎవడో చూడాలి.

ఇదంతా జరిగి ముప్పై ఏళ్ళు దాటాక, మొన్న ఎండాకాలం మహబూబాబాద్‌లో ఒక పెళ్ళికి ఫొటోలు తీయడానికి వెళ్ళాను. పందిరి బయట వేపచెట్టు నీడలో పెళ్ళికూతురి తరఫువాళ్ళను వరసగా నిలబెడుతున్నాను. ఒక ముసలాయన పక్కకు తప్పుకున్నాడు.

"తాతా, నువ్వు గూడ రా" అంది పెళ్ళికూతురు.

"నేను దిగ బిడ్డా. మీరు దిగుండ్రి."

కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. ఆయన బీరయ్య అని గుర్తుపట్టాను.

భోజనాలయ్యాక వంటల పాకల వెనక ఆయన పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఇన్‌స్పెక్టరు, భూతద్దం, చాయ్, లచ్చవ్వ, అన్నీ. బీరయ్య కర్రతో నేల మీద గీస్తూ విన్నాడు.

"గీ మాట నాకు చెప్తే ఏమస్తది" అన్నాడు చివరికి. "నేను చెప్పలేదని నాకెర్కనే గదా."

"లచ్చవ్వ..."

"పొయ్యింది. పొయ్యేదాక ఒక్కటే అడిగింది, మనూరికి ఒక్కసారి తోల్కపొమ్మని. నేను పోలె. ఏం మొకం వెట్టుకొని పోవాలె." నా వైపు చూశాడు. "చెప్పేదుంటె ఆడ చెప్పు."

"నువ్వొస్తవా అన్నా?"

"నువ్వు చెప్తనంటె వస్త."

పోయిన నెలలో ఇద్దరం ఆ ఊరికి వెళ్ళాం. నర్సయ్య తల్లి లేదు. తమ్ముడు యాదగిరి వాకిట్లో కూర్చున్నాం. బీరయ్యను చూసి మొదట ఎవరూ మంచినీళ్ళు ఇవ్వలేదు. పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూర్చున్నారు. క్యాంపులో చెప్పింది నేనని చెప్పాను. తర్వాత ఒక ముసలాయన, నన్ను కాపాడదామనుకున్నాడో ఏమో, "కొట్టి ఉంటరు తీ. గా దెబ్బలకు ఎవలైన చెప్తరు" అన్నాడు. చాలామంది తలలు ఊపారు. ఆ మాట పట్టుకుంటే బయటపడేవాణ్ణి. బీరయ్య నేలవైపు చూస్తున్నాడు.

నేను లేచి నిలబడ్డాను.

"నన్ను ఎవలు కొట్టలే. కుర్సి ఏసి చాయ్ పోసిండ్రు. నా పనితనం గొప్పదనిపిచ్చుకుందామని చెప్పిన. లచ్చవ్వ వచ్చి అడిగిననాడు గూడ నాకేం తెల్వదన్న. బీరన్న ఒక్క మాట చెప్పలే. యాదగిరీ, మీ అన్న సచ్చింది నా వల్ల. బీరన్నా, నీ ఊరు నీకు కాకుంట పోయింది నా వల్ల. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యుండ్రి."