ఎర్ర పెన్నుతో కొట్టేసిన మలుపు

ఆ బస్సులో మైకు పెట్టించినవాడు నా శిష్యుడే. ముందుగా ఆ మాట చెప్పేస్తే నా తప్పు కాస్త వాడి మీదకి పోతుందేమోనని ఆశ. పోదు లెండి.

మా ఇల్లు మైపాడులో. ఉద్యోగం నెల్లూరులో, తెలుగు టీచర్ని. పొద్దున ఎనిమిది గంటల బస్సుకి పోవడం, సాయంత్రం అయిదింటి బస్సుకి రావడం, పందొమ్మిదేళ్ళుగా ఇదే వరస. ఇంటికి చేరితే వంట, పాలు, అత్తగారి మందులు, ఇక నోటుపుస్తకాలు తెరిచేదెప్పుడు? అందుకని సాయంత్రం బస్సులోనే దిద్దుకుంటాను. కిటికీ పక్క సీటు, ఒళ్ళో పుస్తకాల కట్ట, చేతిలో ఎర్ర పెన్ను. ఆ గంట నా సొంతం. ఎవరైనా పలకరించినా సగం మాటే పలుకుతాను.

బస్సు ప్రైవేటుది. ఓనరు ఒకప్పుడు ఎనిమిదో తరగతిలో నా చేత చెవి మెలిపెట్టించుకున్నవాడు. ఇప్పుడు వాడికి బొజ్జా వచ్చింది, రెండు బస్సులూ వచ్చాయి. ఒకరోజు ఎక్కేసరికి డ్రైవరు నెత్తిన ఒకటి, మధ్యలో ఒకటి, వెనక ఒకటి మైకులు! బస్సు కదలగానే ఒక ఆడగొంతు అందుకుంది.

"ప్రియమైన ప్రయాణికులారా! తదుపరి స్టాపు ఫలానా. దిగవలసిన వారు దయచేసి ముందుకు రావలెను."

ఊరు రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి, దాటాక "మా బస్సునందు ప్రయాణించుచున్నందులకు ధన్యవాదములు" ఇంకొకసారి. ఊరికీ ఊరికీ మధ్యన అయినా ఊరుకుంటుందా? చేతులు బయట పెట్టరాదు. ఉమ్మి వేయరాదు. సామానులు మరువరాదు. అదీ అయ్యాక చీరల కొట్టు ప్రకటన. ఆ గొంతుకి 'ణ' పలకదు. ప్రయానికులు, ప్రయానికులు అని గంటకి నలభైసార్లు అంటుంటే తెలుగు టీచరు తల ఏం కావాలి? ఒక పిల్లకి పదికి పన్నెండు మార్కులు వేశాను. మర్నాడు క్లాసంతా నవ్వింది.

వారం ఓర్చుకున్నాను. అంతకుమించి ఓర్పు నాకు పుట్టుకతోనే లేదు. ఆదివారం వాడికి ఫోను చేసి ఇంటికి పిలిపించాను.

"ఏందిరా ఆ గోల? అది బస్సా, తిరనాళ్ళా?"

వాడు కుర్చీ చివర కూర్చుని చేతులు నలుపుకున్నాడు. "ఎవురో రాసిచ్చినారు మేడం, నాకేం తెలుసు. మీరే దిద్దియ్యండి. మళ్ళా రికార్డు చేయిస్తా."

దిద్దియ్యమంటే ఇంకేముంది! వాడు తెచ్చిన నాలుగు కాగితాలు ముందర పెట్టుకుని ఎర్ర పెన్ను తీశాను. ఉమ్మి, చేతులు, ధన్యవాదాలు, చీరల కొట్టు అన్నీ పోయాయి. ఒక్కో గీతకీ తలనొప్పి ఒక్కో పిసరు దిగుతున్నట్టుంది. ఊపు మీదున్నాను కదా, స్టాపుల మీద కూడా పడ్డాను. జనం బాగా దిగే ఊళ్ళు ఉంచాను. చిన్నాచితకవి కొట్టేశాను. అందులో పాళెం మలుపు ఒకటి. సముద్రం వైపు లోపలికి ఉంటుంది ఆ పాళెం, చేపలు పట్టుకునేవాళ్ళ ఊరు. రోడ్డు మీద ఆ మలుపులో దిగేది చేపల గంపలవాళ్ళు నలుగురైదుగురే. వాళ్ళ ఊరు వాళ్ళకి తెలియదా, ఒకరు చెప్పాలా అనుకున్నాను. ఒక్క గీత గీశాను, అంతే.

నాలుగు రోజుల్లో బస్సు నిమ్మళించింది. "పుణ్యం కట్టుకున్నారు మేడం" అన్నారు రోజూ వచ్చే బ్యాంకు ఆయన. ముందు సీటు నర్సమ్మ నా చేతిలో రెండు సపోటాలు పెట్టింది. నేనూ ఏదో ఊరిని ఉద్ధరించినట్టు తెగ పొంగిపోయాను.

రెండు రోజులైందో లేదో, ఒక సాయంత్రం బస్సు పెద్ద ఊరు చేరబోతూ ఉంది. మైకు దాని పేరు చెప్పింది. అంతే, వెనక డోరు దగ్గర నుంచి పెద్ద కేక.

"అయ్యో అయ్యో! మా మలుపు దాటిపోయినాదే!"

గంపలవాళ్ళు. పొద్దున చేపలతో టౌనుకి పోయి, వీధులన్నీ తిరిగి అమ్ముకుని, ఖాళీ గంపలతో తిరిగొచ్చేవాళ్ళు. ఎప్పుడూ వెనక డోరు పక్కన కిందే కూర్చుంటారు. అది వాళ్ళ అలవాటనుకునేదాన్ని. ఆ రోజు మెడ తిప్పి చూసినప్పుడు గానీ నాకు తట్టలేదు. కింద కూర్చున్నవాళ్ళకి కిటికీ నెత్తికన్నా పైన ఉంటుంది. ఆకాశమూ, కొబ్బరి మట్టల కొసలూ తప్ప వాళ్ళకి రోడ్డు కనపడదు.

"ముందే లేచి నిలబడాల గదమ్మా" అని విసుక్కున్నాడు డ్రైవరు.

"రేడియో చెప్పలేదు నాయనా" అంది వాళ్ళలో పెద్దామె, మైకు వైపు చూపిస్తూ.

దిగారు. అక్కడినుంచి వెనక్కి మలుపు దాకా రెండు కిలోమీటర్ల పైమాటే. అది దాటాక ఇసక దారి. పెద్దామె గంప నడుముకి ఆనించుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ అందరికన్నా వెనక పడింది. బస్సు కదిలిపోతున్నా నేను తల బయటపెట్టి ఆమెనే చూస్తూ ఉన్నాను. చేతిలో ఎర్ర పెన్ను అట్లాగే ఉంది. దాన్ని సంచిలో పడేశాను.

మర్నాడు సాయంత్రం బస్సు కదలకముందే వెనక్కి వెళ్ళి ఆమెని పలకరించాను. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది.

"మోకాలా అక్కా?"

"అరిగిపోయినాదంట టీచరమ్మా. నడిస్తే వాస్తుందని చెప్పినాడు డాక్టరు. గంపోళ్ళు నడవకుంటే ఎట్టా?" అని నవ్వింది. రాత్రంతా ఉప్పు కాపడం పెట్టుకుందట. "ఇంకా రెండుసార్లు ఇట్నే దాటిచ్చినారంటే నా పని అయిపోయినట్టే. యాపారం మానుకోని ఇంట్లో కూకోవాల్సిందే."

ఆ తర్వాత, నేను అడక్కుండానే, రేడియో సంగతి ఎత్తుకుంది.

"మా పాళెం పేరు చెప్తా ఉండె గదా, ఇప్పుడెందుకో మానేసింది. మొదట్లో విన్నప్పుడు మేం ఎంత నవ్వుకున్నామో! మా ఊరి పేరు కూడా ఒకరు పలికేదేనా అని. మా మనవరాలు ఆ మాట వినేదానికే ఒకరోజు నాతో వచ్చింది."

మర్యాదగా తలూపి వచ్చి నా సీట్లో కూర్చున్నాను. మైకు రాకముందు కండక్టరే ఊరూరి పేరూ కేకేసేవాడు. మైకొచ్చాక ఆయన నోటికి సెలవిచ్చి ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు. నేను మైకు నోరు నొక్కాను. ఇక ఆ మలుపు పేరెత్తేవాళ్ళు బస్సులో లేకుండా పోయారు. ఎవరూ లేవకపోతే డ్రైవరు ఆపడు.

ఓనరుకి ఫోను చేశాను. "అయ్యో మేడం, ఆ రికార్డు చేసినోడు చెన్నై పోయినాడు. వచ్చినాక చూద్దాం. అయినా మీరే గదా కొట్టేసింది" అన్నాడు. వాడి తప్పేముంది? కండక్టరుకి చెప్పి చూశాను. రెండు రోజులు కేకేశాడు, మూడో రోజు ఫోనులో మునిగిపోయాడు.

సరే, నాకు నోరు లేదా? పందొమ్మిదేళ్ళుగా అరవైమంది పిల్లల మీద అరిచిన నోరే కదా! ఆ రోజునుంచి మలుపు ఇంకా అల్లంత దూరం ఉండగానే పుస్తకం మూసి, వెనక్కి తిరిగి, గొంతెత్తి కేకేయడం మొదలుపెట్టాను. "పాళెం మలుపూ! పాళెం మలుపు దిగేవాళ్ళు లేవండమ్మా!"

బ్యాంకు ఆయన ఉలిక్కిపడ్డారు. నర్సమ్మ నావైపు వింతగా చూసింది, సపోటాలు మళ్ళీ ఇవ్వలేదు. పెద్దామె మాత్రం దిగుతూ ప్రతిరోజూ కిటికీ కిందికొచ్చి చేయెత్తి "చల్లంగుండు తల్లీ" అనేది. ఆ మాట వినలేకపోయేదాన్ని. తిట్టినా బాగుండేది. వారం రోజులు ఆ దీవెన దొంగసొమ్ములా పుచ్చుకున్నాను. ఇక లాభం లేదు, చెప్పేయాలనుకున్నాను. పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పేరు కొట్టేసింది నేనే అక్కా అని నెమ్మదిగా చెప్పాలి. పైన కూర్చుంటే రోడ్డు కనపడుతుంది, మైకుతోనూ పని ఉండదు, నాతోనూ పని ఉండదు.

మర్నాడు పుస్తకాల సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని పక్క సీటు ఖాళీ చేశాను.

"అక్కా, ఇట్లా రా. ఇక్కడ కూర్చో."

"వద్దులే టీచరమ్మా, ఇక్కడే బాగుంది."

"కింద ఎందుకు కూర్చుంటారసలు? సీట్లు ఇన్ని ఖాళీగా ఉంటే! ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"ఎవురూ అనలేదమ్మా" అంది. ఏ మాత్రం నిష్ఠూరం లేదు ఆ గొంతులో, చంటిపిల్లకి నచ్చచెప్పినట్టు ఉంది. "రెండేళ్ళ కిందట ఒకరోజు పొద్దున నీ పక్కనే కూచున్నా. నువ్వు మంచి చీర కట్టుకోని ఉంటివి. కొంగు ముక్కుకి పెట్టుకోని లేచి ముందుకు పోతివి. అవును మరి, మా దగ్గర వాసనొస్తుంది గదా. ఎందుకులే ఒకరిని ఇబ్బంది పెట్టేదని, అప్పుట్నించి అందరం కిందనే కూకుంటా ఉండాం."

నేను మర్చిపోయాను. ఆమె అన్నాక గుర్తొచ్చింది, చీరతో సహా. స్కూలు వార్షికోత్సవం రోజు, నెమలికంఠం రంగు వెంకటగిరి చీర. అంచుకి చేపల గంప నీళ్ళు అంటుకున్నాయి. మాట అనలేదు నిజమే. విసురుగా కొంగు దులుపుకుని లేచాను.

అంటే వాళ్ళని కింద కూర్చోబెట్టిందీ నేనే. కింద ఉన్నవాళ్ళకి వినపడే ఆ ఒక్క మాట తీసేసిందీ నేనే. ఆ పేరు కొట్టేసింది నేనేనని ఇక చెప్పలేకపోయాను. పోనీ నేనే వెళ్ళి ఆమె పక్కన కింద కూర్చుందామా అనిపించింది. ఆ క్షణంలోనూ కట్టుకున్న చీరే గుర్తొచ్చింది. ఛీ, ఏం మనిషిని!

"అట్లా కాదక్కా, రా, నా మాట విను" అన్నాను మళ్ళీ. ఆమె నవ్వి మోకాలు రుద్దుకుంది. లేవలేదు.

బస్సు కదిలింది. పుస్తకాలు తెరవలేదు. మలుపు దగ్గర పడింది. లేచి నిలబడి "పాళెం మలుపు" అని కేకేశాను. రెండోసారి ఇంకా గట్టిగా అరిచాను.

"ఏంది మేడం రోజూ ఈ గోల!" అన్నారు ముందునుంచి ఎవరో.

గంపలవాళ్ళు లేచారు. బస్సు ఆగింది. పెద్దామె రాడ్డు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి, కిటికీ కిందికొచ్చి "చల్లంగుండు తల్లీ" అంది. నేను చేయి ఊపాను. ఆ రోజు నా పక్క సీటు మైపాడు దాకా ఖాళీగానే వచ్చింది.