ఎర్రదారం కట్టిన నాడె

మా మేనత్త పోయిందని సోమవారం చీరాల నుంచి నాన్న రాసిన కార్డు అందింది. నేను బస్సు దిగేసరికి అన్నీ అయిపోయాయి. మగ్గం మీద ఆవిడ సగం నేసిన చీర మాత్రం అలాగే ఉంది.

ఇంట్లో రెండు మగ్గాలు, నాన్నది ఒకటి, అత్తది ఒకటి. చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికి చేరిన మనిషి. నేతపని తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో దారం చుట్టిన కొత్త కండె పెట్టినప్పుడల్లా, దాని కన్నానికి నోరు పెట్టి దారాన్ని బయటికి పీల్చాలి. ఎవరికి ఏ నాడె దొరికితే అది. "పీల్చేదాకానే దాని మొండితనం, తర్వాత చెప్పిన మాట వింటుందే" అనేది అత్త, నాకు నేర్పుతూ.

నా పన్నెండో ఏట ఆవిడ మెడ పక్కన గడ్డలు లేచాయి. జ్వరం. గొంతు ముందు కూడా వాచి మాట బొంగురుపోయింది. గండమాల అన్నారు వీధిలో, అంటే క్షయే. నాన్న గుంటూరు తీసుకెళ్ళి బ్రాడీపేటలో ఒక డాక్టరు గారికి చూపించాడు. ఆయన ఒక గడ్డ కోసి పరీక్షకు పంపారు. "క్షయ కాదండీ. గ్రంథులకు ఇదేదో అరుదైన జబ్బు, పేరు నాకూ తెలియదు. దాంతోపాటు థైరాయిడ్ కూడా వాచింది. ఎవరికీ అంటదు" అన్నారు.

"పేరే తెలియనివాడికి అంటదని ఎట్లా తెలిసిందిరా?" అంది నాయనమ్మ. నాయనమ్మ చెప్పిందని, ఎవరూ పొరపాటున నోట పెట్టకుండా, అత్త నాడెకు ఎర్రదారం కట్టింది నేనే. అత్త చూసి, "దిష్టి తగలకుండానా? మంచిదేలే" అని నవ్వింది. ఆ తర్వాత మగ్గం దగ్గర కబుర్లు మానేసింది.

కొన్ని నెలలకు గడ్డలు వాటంతటవే కరిగిపోయాయి. థైరాయిడ్‌కి బిళ్ళలు మాత్రం వేసుకునేది. ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. అయినా దారం విప్పమని ఒక్కరూ అనలేదు. పెళ్ళయ్యాక వచ్చినప్పుడల్లా చూసేదాన్ని, దారం కొత్తగానే ఉండేది. మాసిపోతే తనే ఇంకోటి కట్టుకునేది.

"ఇంకా ఎందుకత్తా?" అన్నాను ఒకసారి.

"మీకు భయం ఉండదు గదమ్మా."

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ అప్పుడూ విప్పలేదు. ఆ తప్పు నాదే.

మైల తీరాక ఆవిడ మగ్గం దగ్గర కూర్చున్నాను. దారం విప్పబోతే ముడి నిన్నమొన్న వేసినట్టు గట్టిగా ఉంది. ఎలాగో విప్పి, కొత్త కండె పెట్టి, నాన్న చూస్తుండగానే నాడెకు నోరు ఆనించాను. కన్నం చుట్టూ చెక్క ఆవిడ ఒక్కదాని పెదవులకే అరిగి, నున్నగా ఉంది.